అలుగు మీద వల

మైలవరం దాటాక మామిడితోటలు రోడ్డుకి రెండు వైపులా దగ్గరకొస్తాయి. ఎ.కొండూరు అడ్డరోడ్డులో బస్సు దిగి, ఒక టీ తాగి, చెరువు వైపు నడవండి. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. ఏ చెరువని అడక్కండి. పేరు రాస్తే నెపమంతా ఒక్క ఊరి మీద పడుతుంది. ఈ చుట్టుపక్కల మీరెక్కే ఏ పాత కట్టయినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. నీళ్ల విషయంలో ఈ మండలం పేరు పేపర్లలోకి ఎక్కేది తండాల్లోని కిడ్నీ జబ్బుల వల్లే. చెరువు కట్టల సంగతి ఎవరూ అడగరు.

కట్ట ఎక్కకముందే కుర్రాళ్ల కేకలు వినపడుతున్నాయి. చెరువు నిండి అలుగు పారుతోంది, ఊరికి ఇవాళ పండగే. రాళ్ల మీద చొక్కాలు పడేసి పిల్లలు అలుగు కింద మడుగులోకి దూకుతున్నారు. ఒకడు ఒంటికాలి మీద నిలబడి రీల్ తీయించుకుంటున్నాడు. పెద్దవాళ్లు పంచెలు ఎగగట్టి ఎదురెక్కే చేపల కోసం బుట్టలు పట్టుకుని కాచుకున్నారు. వరి కోసం కట్టిన చెరువు ఇది. ఆయకట్టులో చాలా మటుకు బోర్ల మీద మామిడి పెరిగాక దీనికి మిగిలినవి చేపలు, సరదా.

ఇప్పుడు అలుగు పక్కకొచ్చి చూడండి. రాతి గోడ పొడవునా వెదురు బద్దలు పాతి, వాటికి నైలాన్ వల కట్టారు, చేపలు కొట్టుకుపోకుండా. పాటదారుణ్ని తప్పు పట్టలేం, డబ్బు పోసి చెరువు పాడుకున్నాడు. వల నిండా గుర్రపుడెక్క, తాటాకులు, పాల కవర్లు, ఎవరిదో ఎడమకాలి చెప్పు. వాటి వెనక నీరు జానెడెత్తున నిలిచిపోయింది. ఆ జానెడు అలుగు దగ్గరే ఆగదు, చెరువంతా లేస్తుంది. రాతి అలుగు మీద నీరు ఎంత పారినా ఫర్వాలేదు. మట్టికట్ట నెత్తి మీదుగా ఒక్కచోట పొర్లితే చాలు, అవతలి వాలు కోసుకుపోయి గంటల్లో గండి పడుతుంది.

"తాతా, వల తీసేద్దామా?" అంటాడు నీళ్లలోంచి ఒకడు.

"తీస్తే పాటదారు నిన్ను తీసుకెళ్లి చెరువులో ఏస్తాడ్రా" అని తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నవ్వి మీ వైపు తిరుగుతాడు. "అటు అంచుకి పోమాకండి, జారుద్ది. ఇటు రండి, సూపిస్తా."

ఆయన వెంట కట్ట మీద నడవండి. రెండు నిలువుల కంటే కాస్త ఎక్కువ ఎత్తు, అంతే. అవతలి వాలు నిండా సర్కారు తుమ్మ. మధ్యలో నరికేసిన తాడిచెట్టు మొదలు కుళ్లి లోపలంతా డొల్లయింది. చెట్టు బతికున్నప్పటి కంటే చచ్చాకే కట్టకి ప్రమాదం, కుళ్లిన వేళ్ల దారుల్లో నీరు దూరుతుంది. పక్కనే ఎండ్రకాయల బొరియలు. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే ఆనకట్ట 2019 జులై 2 రాత్రి తెగి ఊళ్లోవాళ్లు కొట్టుకుపోతే, దానికి ఎండ్రకాయలే కారణమని అక్కడి మంత్రి ఒకాయన సెలవిచ్చాడు. నీరు కారుతోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారు. ఎండ్రకాయలు అర్జీలు చదవవు కదా.

కట్ట కాలిదగ్గర నేల బురదగా ఉంది. చిటికెనవేలంత ధారగా ఊట వస్తోంది. పెద్దాయన దోసిట్లో పట్టి మీ ముఖం దగ్గర పెడతాడు. "తేటగా ఉంది, సూశారా? తేటగా ఉన్నన్నాళ్లు భయం లేదు. మట్టిరంగు తిరిగిందంటే మాత్రం కట్ట లోపల్నించి కరుగుతున్నట్టే." మట్టిరంగు గురించి ఇంజనీర్లూ ఇదే చెబుతారు. ఊట మన్నుని మోసుకురావడం మొదలైతే అది వెనక్కి తొలుచుకుంటూ పోయి బుంగ పడుతుంది.

"మా చిన్నప్పుడు నీరుగంటి ఉండేవాడండీ. వానొస్తే లాంతరేసుకుని కట్ట మీదే పడుకునేవాడు. కళ్లంలో ఆయన మేర ఆయనకి కొలిచేవాళ్లు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఫోనుందిగా!"

తూము దగ్గర ఇనపకడ్డీ తుప్పు పట్టి ఉంది, తిప్పే చక్రం లేదు. గ్రీజు మొహం ఎన్నాళ్లుగా చూడలేదో. కడపవైపు అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరు 19న తెగినప్పుడు ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. ఇక్కడికి అంత దూరం కాని గుమ్మడవల్లి పెద్దవాగు ప్రాజెక్టుకి ఉన్నవే మూడు గేట్లు. 2024 జులై 18న వాటిలో ఒకటి మొరాయించింది. ఆ రాత్రి కట్ట తెగి నీళ్లు ఏలూరు జిల్లా వేలేరుపాడు పల్లెల మీద పడ్డాయి.

మన దేశంలో ఆనకట్టల భద్రత చట్టం వచ్చింది 2021లో. అది 15 మీటర్లు దాటినవాటిని చూస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే పొడవు, నిల్వ లాంటి షరతులు పెట్టి కొన్నిటినే చూస్తుంది. మీరు నిలబడ్డ కట్ట ఆ లెక్కలోకే రాదు. నీటి సంఘాలకి 1997 చట్టం ఉంది, ఏళ్ల తరబడి ఆగిన ఎన్నికలు 2024 డిసెంబరులో జరిగాయి. అయినా నీళ్లు ఒకరివి, చేపలు ఇంకొకరివి, కట్ట ఎవరిదీ కాదు అన్నట్టే నడుస్తోంది.

చిన్నదే కదా అనుకోవద్దు. అమెరికాలో జార్జియా రాష్ట్రం టొకోవాలో కెల్లీ బార్న్స్ అని ఒక పాత ఆనకట్ట ఉండేది. కరెంటు తీయడం మానేశాక దాని నీళ్లు విహారానికే మిగిలాయి. 1977 నవంబరు 6న, అర్ధరాత్రి దాటాక, వానలో తెగింది. దిగువన బైబిల్ కాలేజీ. పిల్లలతో కలిపి 39 మంది పోయారు.

వానాకాలం ఇంకా ఉంది. మీ ఊరి అలుగుకి వల ఉంటే పాటదారుతో మాట్లాడి వరద రోజుల్లోనైనా తీయించండి. కట్ట మీద తుమ్మలు పెద్దవి కాకముందే కొట్టించండి. తూము తిరగకపోతే సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఊట రంగు మారితే మాత్రం కాగితాలతో పని లేదు. ఇరిగేషన్ ఏఈకి ఫోన్ చేసే పని ఒకరికి అప్పజెప్పి, మిగతావాళ్లు దిగువ ఇళ్లవాళ్లని లేపండి.