చెవికి కూడా చదువు కావాలి

మా అల్లపల్లిలో భాషలు చెవి ద్వారానే వస్తాయి. ఇంట్లో తెలుగు, అంగట్ల మరాఠీ, అడవి ఊళ్ళ నుండి వచ్చేవాళ్ళ దగ్గర మాడియా, లారీ డ్రైవర్ల దగ్గర హిందీ. మా అవ్వ బడికి పోలేదు. అయినా ఈ నాలుగు భాషలూ ఆమెకు అర్థమవుతాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా చాందా జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. మా పెద్దలు ఇంట్లో తెలుగు విడవలేదు. బయట మరాఠీని వినీ వినీ నేర్చుకున్నారు.

ఇంగ్లీషు మాత్రం మాకు కళ్ళతోనే వచ్చింది. పోయిన ఏడు ఒక పోటీలో ఇంగ్లీషులో అడిగిన ప్రశ్న నాకు అర్థం కాలేదు. నోరు తెరవలేదు. తర్వాత మా సార్ అదే ప్రశ్నను కాగితం మీద రాసి చూపించారు. దానికి జవాబు నాకు తెలుసు! ఆ రోజు నాకు చాలా బాధ అయింది.

వినడానికి సాధనాలు కొత్తవి కావు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. 1943లో బీబీసీ రేడియోలో ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. 1975లో మన దేశం ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. వాటిలో తెలుగు కార్యక్రమాలు కూడా ఉన్నాయి. కానీ రేడియోలో, టీవీలో ఒక మాట తప్పిపోతే మళ్ళీ దొరకదు. 2005లో యూట్యూబ్ వచ్చింది. 2006లో టెడ్ ప్రసంగాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. అప్పటి నుండి అదే మాట ఎన్నిసార్లయినా వినవచ్చు.

సుగతా మిత్రా అనే ప్రొఫెసర్ 2010లో ఇచ్చిన ప్రసంగంలో మన హైదరాబాద్ పిల్లల గురించి చెప్పారు. వాళ్ళ ఇంగ్లీషులో తెలుగు యాస బాగా ఉండేది. మాట వింటే టైపు చేసే కంప్యూటర్‌కు వాళ్ళ మాట అర్థం కాలేదు, ఏదేదో టైపు చేసింది. ఆయన దాన్ని రెండు నెలలు వాళ్ళ దగ్గరే వదిలేసి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి పిల్లల ఉచ్చారణ మారిపోయింది. ఎవరూ పాఠం చెప్పలేదు. వాళ్ళే విని, పలికి, సరిచేసుకున్నారు.

అది తెలిసినంక నేను కూడా మొదలుపెట్టిన. ఇంట్లో ఒక్కటే ఫోన్, అది బాపుది. రాత్రి అరగంట ఇస్తాడు. సిగ్నల్ ఉన్నప్పుడే వీడియో దించుకుంటా. మొదట కింద అక్షరాలు లేకుండా రెండు నిమిషాలే వింటా. అర్థమైనంత నోటుబుక్కులో రాస్తా. రెండోసారి వేగం 0.75కు తగ్గించి వింటా. మూడోసారి అక్షరాలు చూసి, తప్పిన మాటలకు గీత గీస్తా. మొదటి వారం పేజీ నిండా గీతలే. ఇప్పుడు తగ్గినయి. మాటలన్నీ అందకపోయినా విషయం అందుతుంది.

ఒకరోజు అవ్వ అడిగింది, "అదే ముచ్చట మళ్ళ మళ్ళ ఎందుకు ఇంటవు బిడ్డా?" అని. "నువ్వు అంగట్ల మరాఠీ నేర్చినట్టే అవ్వా" అన్న. ఆమె నవ్వింది.

పదో తరగతి తర్వాత మాలో చాలామంది వేరే ఊళ్ళకు పోయి చదవాలి. అక్కడ పాఠం తెలుగులో ఉండదు. మిత్రులారా, చదవడంతో పాటు రోజూ కొంచెం వినండి. మన చెవులకు భాషలు నేర్చే అలవాటు ఎప్పటి నుండో ఉంది.