గోండి అక్షరం, పైథాన్ 3.7: మన లిపి యంత్రానికి తెలిసిన కథ

ఈసారి కొంచెం కంప్యూటర్ చరిత్ర రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి, ఇది మన లిపి సంగతే.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల ఆ ఊరి పేరే లిపికి వచ్చింది. గుంజాల గోండికి యూనికోడ్ 11లో, 2018 జూన్‌లో చోటు దక్కింది. అంతకు ఏడాది ముందు యూనికోడ్ 10లో మసారాం గోండి చేరింది. అది మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో చేసిన లిపి.

కానీ యూనికోడ్‌లో చేరినంత మాత్రాన యంత్రానికి తెలిసిపోదు. ఉబుంటు 18.04 వచ్చింది 2018 ఏప్రిల్‌లో, దాంతో వచ్చే పైథాన్ 3.6. అందులో ఉన్నది యూనికోడ్ 9 పట్టిక. ఫాంట్ పెడితే తెరమీద అక్షరం చక్కగా కనిపిస్తుంది, నిజమే. పైథాన్‌ని మాత్రం 'ఇది అక్షరమా?' అని అడిగితే 'కాదు' అంటుంది. పేరు అడిగితే అలాంటి పేరే లేదని ఎర్రర్ ఇస్తుంది. గోండి పదాలు లెక్కపెట్టే ప్రోగ్రాం రాస్తే లెక్క సున్నా! మన తాతల అక్షరాలు దానికి అక్షరాలే కావు.

ఆ పట్టిక బయట ఫైలుగా ఉండదు. సోర్స్ కోడ్‌లోనే సీ భాష పట్టికగా ఉండి, ఇంటర్‌ప్రెటర్ కట్టేటప్పుడు లోపల కలిసిపోతుంది. అందుకే ఇంటర్‌ప్రెటర్నే మార్చాలి. యూనికోడ్ 11 ఉన్న పైథాన్ 3.7 అదే 2018 జూన్ 27న వచ్చింది. ప్యాకేజీగా పెట్టాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి. ల్యాబులో విద్యార్థికి అది ఎవరిస్తారు? మిగిలిన దారి సోర్స్.

ఈ దారి కొత్తదేం కాదు. లారీ వాల్ 1987 డిసెంబర్‌లో పెర్ల్ ఇచ్చినప్పుడు దాంతోపాటు కాన్ఫిగర్ అనే స్క్రిప్ట్ ఇచ్చాడు. అది మన యంత్రం ఎలాంటిదో కనుక్కుని, తెలియనివి మనల్నే అడిగేది. గైడో వాన్ రోసమ్ 1991 ఫిబ్రవరిలో పైథాన్‌ని యూజ్‌నెట్‌లో సోర్స్‌గానే పంచాడు. అదే ఏడాది డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. దాంతో తయారైన స్క్రిప్ట్ మనల్ని అడగదు, చిన్న చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి తనే తేల్చుకుంటుంది. పైథాన్ ఇప్పటికీ దాన్నే వాడుతోంది.

పని ఇంతే. సోర్స్ విప్పి, కాన్ఫిగర్‌కి ప్రిఫిక్స్‌గా మన హోమ్ ఫోల్డర్లో ఒక చోటు చెప్పాలి. తర్వాత మేక్, ఆపైన మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. ఈ ఆల్ట్ ముఖ్యం: కొత్తది పైథాన్3.7 అనే పేరుతోనే కూర్చుంటుంది, పైథాన్3 అనే పేరుని ముట్టదు. చిక్కల్లా హెడర్ ఫైళ్ల దగ్గరే. జీలిబ్ హెడర్లు లేకపోతే ఇన్‌స్టాల్ చివర్లో పిప్ దగ్గర ఆగిపోతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌వి లేకపోతే పిప్ ఉన్నా ఏదీ దించుకోలేదు. ఇవి ల్యాబ్ సార్‌ని ఒక్కసారి అడిగి పెట్టించుకోవాలి, ఇక్కడ మాత్రం తప్పదు. మేక్ అయ్యాక చివర్లో, దొరకని మాడ్యూళ్ల పేర్లు వస్తాయి. చాలామంది చదవకుండా వదిలేస్తారు. చదవండి.

అయ్యాక మొదటి గుంజాల అక్షరం పేరు అడిగి చూడండి. 'గుంజాల గోండి లెటర్ ఏ' అని చెప్తుంది.

ఇప్పటి సిస్టమ్‌లలో కొత్త పైథానే వస్తోంది కాబట్టి మనకి ఈ బాధ తీరింది. ముండా అన్నదమ్ముల నాగ్ ముండారి లిపి 2022లో యూనికోడ్ 15లో చేరింది, పైథాన్ 3.12కి గానీ అది తెలియదు. ఉబుంటు 22.04తో వచ్చేది 3.10. ఆ ల్యాబుల్లో కూర్చున్న ముండా పిల్లలకి ఇప్పుడు ఇదే పని.