అలీఘర్ గోడ చెప్పే పాఠం



సావనీరుకి ఒక వ్యాసం రాయండి మాస్టారూ అని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నాకు తెలిసిన పని ఒక్కటే, అది పాఠం చెప్పటం అన్నాను. అయితే పాఠమే చెప్పండి అన్నారు. కాబట్టి ఇది ఒక చరిత్ర పాఠం. ఉర్దూ బడిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి పెద్దలకు చెబుతున్నాను.

ఉత్తరప్రదేశ్‌లోని అలీఘర్ యూనివర్సిటీ పాత భవనాల చుట్టూ ఒక ప్రహరీ గోడ ఉంది. ఆ గోడమీద పేర్లు చెక్కి ఉన్నాయి. అవి నవాబుల పేర్లు మాత్రమే కావు. కాలేజీ కట్టే రోజుల్లో 25 రూపాయలు చందా ఇచ్చినవారి పేరు గోడమీద చెక్కించారు. 250 రూపాయలు ఇచ్చినవారి పేరు హాస్టలు గదిమీద, 500 రూపాయలు ఇచ్చినవారి పేరు పెద్ద హాలులో చెక్కించారు. ఆ కాలంలో 25 రూపాయలంటే కూడా చిన్న సొమ్ము కాదు. అయినా లక్షలు ఇవ్వలేనివాడికి సైతం ఆ కట్టడంలో ఒక చోటు దొరికింది. ఈ గోడ ఎలా లేచిందో, మధ్యలో ఎలా కూలబోయిందో, మళ్ళీ ఎలా నిలబడిందో తెలుసుకుంటే మన సొసైటీకి కావలసిన పాఠం అందులోనే ఉంది.

నలుగురూ కలిసి పని చెయ్యటం మనకు కొత్త సంగతి కాదు. మదీనా నగరంలో మస్జిద్ కట్టినప్పుడు ప్రవక్త మహనీయులు (సల్లల్లాహు అలైహి వసల్లమ్) స్వయంగా ఇటుకలు మోశారు. ఆ స్థలం ఇద్దరు అనాథ బాలురది. వాళ్ళు ఊరికే ఇస్తామన్నా ఒప్పుకోక వెల కట్టి తీసుకున్నారు. అందరి కోసం చేసే పని అయినా ఒకరి హక్కు కాజేసి చెయ్యరాదని దీని భావం. 627లో శత్రువులు మదీనా మీదికి వస్తున్నారని తెలిసినప్పుడు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మేరకు కందకం తవ్వారు. పదేసి మందికి నలభై మూరల చొప్పున పని పంచారు. ప్రవక్త గారు కూడా మట్టి మోశారు. ఎవరి మూరలు ఎన్నో వారికి తెలుసు. అందుకే ఆ పని పూర్తి అయింది. పని పంచకుండా "అందరూ కలిసి చేద్దాం" అంటే చివరికి ఎవరూ చెయ్యరని బడిలో పనిచేసే మాకు బాగా తెలుసు.

ఇక అలీఘర్ కథలోకి వద్దాం.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు 1817లో ఢిల్లీలో పుట్టారు. కంపెనీ కోర్టుల్లో ఉద్యోగం చేశారు. 1857 తిరుగుబాటు సమయంలో బిజ్నోర్‌లో ఉన్నారు. ఆ ఏడు ఢిల్లీ పాడుబడింది. ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి. ఆయన తల్లిగారు సైతం ఆ కష్టాల్లోనే కన్నుమూశారు. విసిగిపోయి దేశం వదిలి ఈజిప్టు వెళ్ళిపోదామా అనుకున్నారట. కానీ తనవాళ్ళను ఈ స్థితిలో వదిలి తానొక్కడు సుఖపడటం మగతనం కాదని ఆగిపోయారు. ఆగినవాడు ఏడుస్తూ కూర్చోలేదు. బదిలీ అయిన చోటల్లా ఏదో ఒకటి స్థాపించారు. మొరాదాబాద్‌లో బడి, ఘాజీపూర్‌లో బడి, 1864లో అక్కడే సైంటిఫిక్ సొసైటీ. 1869లో ఇల్లు తాకట్టు పెట్టి కొడుకులతో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి కాలేజీలు చూసి వచ్చి 1870లో "తహ్జీబుల్ అఖ్లాఖ్" పత్రిక మొదలుపెట్టారు. 1872లో కాలేజీ కోసం చందాల కమిటీ ఏర్పడింది.

అప్పుడాయనకు ఎదురైనది పూలమాలలు కాదు. ఇంగ్లీషు చదువు వస్తే మతం పోతుందని కొందరు ఫత్వాలు ఇచ్చారు. కాఫిర్ అన్నారు. ఆయన మత వ్యాఖ్యానాల్లో కొన్ని సంగతులు నాడు పెద్ద ఆలిములు ఒప్పుకోలేదు. నేడు కూడా చాలామంది ఒప్పుకోరు. అది వేరే చర్చ. కానీ ఒక మాట గమనించాలి. నమ్మకాల్లో తనతో ఏకీభవించనివారితో కూడా కలిసి పనిచెయ్యటానికి ఆయన సిద్ధపడ్డారు. పిల్లల చదువు విషయంలో ఒకటైతే చాలు అనుకున్నారు.

అలీఘర్‌లో పాత కంటోన్మెంటు స్థలం సంపాదించారు. 1875 మే 24న బడి తెరిచారు. 1877 జనవరి 8న వైస్రాయి లార్డ్ లిట్టన్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. పునాదిరాయి వెయ్యటం సులభం. దానిమీద గోడ లేపటమే కష్టం. సర్ సయ్యద్ గారు జోలె పట్టుకుని ఊరూరా తిరిగారు. పంజాబ్ వెళ్ళారు, హైదరాబాదు వచ్చారు. లాటరీ నడిపారు. ఎగ్జిబిషన్‌లో పుస్తకాల దుకాణం పెట్టి తానే కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళు పైబడిన తరువాత చందా కోసం స్టేజీ కూడా ఎక్కారు. జడ్జి ఉద్యోగం చేసి, సర్కారు బిరుదులు పొందిన పెద్దమనిషికి ఇదేం ఖర్మ అని స్నేహితులు బాధపడ్డారు. ఆయన మాత్రం సిగ్గుపడలేదు. తన ఇంటి కోసం అడిగితే గదా సిగ్గు!

ఇచ్చినవాళ్ళు ముస్లింలు మాత్రమే కారు. పాటియాలా మహారాజా ఇచ్చారు. మన తెలుగునాటి విజయనగరం మహారాజా ఇచ్చారు. ఎందరో హిందూ సోదరులు చందాలు రాశారు. రాజా జైకిషన్ దాస్ గారు ఆయనకు ప్రాణస్నేహితులు. కాలేజీ తలుపులు కూడా అందరికీ తెరిచే ఉన్నాయి. ఆ కాలేజీ నుండి మొట్టమొదట బి.ఎ. పాసైన విద్యార్థి పేరు ఈశ్వరీ ప్రసాద్, 1881లో. మన సంక్షేమం అంటే పక్కవాడికి తలుపు మూయటం అని అనుకునేవారు ఈ పేరు జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఇంతవరకు అందరూ చెప్పుకునే కథ. ఇక సాధారణంగా ఉపన్యాసాల్లో చెప్పని భాగం చెబుతాను. అసలు పాఠం అక్కడే ఉంది.

కాలేజీ పెరిగిన కొద్దీ భారమంతా ఒక్క మనిషి భుజాలమీదికి చేరింది. ఉత్తరాలు ఆయనే రాయాలి, కట్టడాలు ఆయనే చూడాలి, డబ్బు ఆయనే తేవాలి. 1889లో ట్రస్టీల నియమాలు వచ్చాయి. తన కుమారుడు సయ్యద్ మహమూద్ గారిని జాయింటు సెక్రటరీగా పెట్టటం మీద గొడవ జరిగింది. మొదటినుండి కష్టపడిన మౌల్వీ సమీఉల్లా ఖాన్ గారు విడిపోయారు. ఎవరిది ఎంత తప్పో ఇక్కడ తూకం వెయ్యటం లేదు. కానీ ప్రశ్నించే ఒక పెద్దదిక్కు పోయింది. మిగిలినవారు "సయ్యద్ సాబ్ ఉన్నారు గదా, ఆయనే చూసుకుంటారు" అని నిశ్చింతగా ఉండిపోయారు.

1895లో తెలిసింది, ఆఫీసులో హెడ్ గుమాస్తా కొన్నేళ్ళుగా దొంగ చెక్కులతో కాలేజీ సొమ్ము కాజేస్తున్నాడని. పోయిన మొత్తం లక్ష రూపాయలకు పైన! పాతికలు పాతికలుగా, లాటరీ టిక్కెట్లుగా, పుస్తకాల దుకాణంలో అణా అణాగా పోగైన డబ్బు. సర్ సయ్యద్ గారు ఒక్క పైసా తన ఇంటికి తీసుకుపోయారని శత్రువులు కూడా అనలేదు. నిజాయితీకి లోటు లేదు. లోటు ఎక్కడంటే లెక్క చూసేవాళ్ళు లేకపోవటంలో. ఆ దెబ్బ నుండి ఆయన కోలుకోలేదు. 1898 మార్చి 27న కన్నుమూసేనాటికి కాలేజీ అప్పుల్లో ఉంది. విద్యార్థుల సంఖ్య తగ్గిపోయింది. ఇక ఇది మూతపడుతుందనుకున్నారు చాలామంది.

ఆ గుమాస్తా దొంగ, సందేహం లేదు. కానీ అన్నేళ్ళపాటు ఒక్కసారైనా ఖాతా పుస్తకం తెరిచి చూడని పెద్దలందరూ ఆ నష్టంలో భాగస్వాములు కారా? నేను క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఒక అబ్బాయి, "సార్, ఎవరూ చూడకపోతే అందరూ చూడనట్టే గదా" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మరి కాలేజీ ఎలా బతికింది? ఒక మహాపురుషుడు మళ్ళీ పుట్టుకొచ్చి కాదు. చాలామంది కలిసి తలా ఒక చెయ్యి వేశారు. సర్ సయ్యద్ జ్ఞాపకార్థం నిధి మొదలైంది. 1899లో మొహ్సినుల్ ముల్క్ గారు కార్యదర్శి అయ్యారు. ఆయన 1874 నుండి 1893 వరకు హైదరాబాదు సంస్థానంలో పెద్ద ఉద్యోగాలు చేసిన మనిషి. ఆ బిరుదు నిజాం ప్రభువు ఇచ్చినదే. ఆయన విడిపోయినవారిని దగ్గరకు తీశారు. కోపం ఉన్నవారి ఇళ్ళకు తానే వెళ్ళారు. ఫత్వాలు ఇచ్చిన వర్గాలతో కూడా మర్యాదగా మాట్లాడారు. 1907లో ఆయన తరువాత వచ్చిన వఖారుల్ ముల్క్ గారు సైతం హైదరాబాదు కొలువు చేసినవారే. కాబట్టి అలీఘర్ మళ్ళీ నిలబడటంలో మన దక్కనులో పనిచేసి అనుభవం గడించిన ఈ ఇద్దరి చెయ్యి ఉంది.

1906లో షేక్ అబ్దుల్లా గారు, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం గారు కలిసి అలీఘర్‌లో ఆడపిల్లల బడి పెట్టారు. చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. దానికీ ఎన్నో మాటలు పడ్డారు. అదే తరువాత మహిళా కాలేజీ అయింది. కాలేజీ యూనివర్సిటీ కావాలంటే 30 లక్షల రూపాయలు పోగు చెయ్యాలని సర్కారు షరతు పెడితే, 1911లో ఆగాఖాన్ గారు ముందు నిలిచి దేశమంతా తిరిగి చందాలు పోగుచేశారు. 1920 డిసెంబరులో యూనివర్సిటీ అయింది. మొదటి ఛాన్సలర్ ఒక స్త్రీ, భోపాల్ బేగం సుల్తాన్ జహాన్ గారు.

ఇదంతా ఎక్కడో ఉత్తరాదిన జరిగిన కథ అనుకోనక్కరలేదు. మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషితో 1947లో ఉస్మానియా కాలేజి వెలసింది. రాయలసీమలో ఎన్నో కుటుంబాల్లో మొదటి డిగ్రీ ఆ కాలేజీ నుండి వచ్చిందే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. తప్పుగా అనుకోకండి, నేను కూడా మీలో ఒకణ్ణే. సర్వసభ్య సమావేశానికి ఎంతమందిమి వస్తున్నాం? వచ్చినవాళ్ళం జమాఖర్చులు చదువుతుంటే గడియారం చూస్తాం, లేదా డేగ్చీ మూత ఎప్పుడు తీస్తారా అని వంటశాల వైపు చూస్తాం. కోశాధికారి గారు చదవటం అయిపోగానే "మంజూర్, మంజూర్" అని చేతులెత్తేస్తాం. నేను కూడా ఎత్తాను. అది నమ్మకం అనుకుంటాం. నిజానికి అది బద్ధకం. మన కోశాధికారి గారు నిజాయితీపరులు కాబట్టే వారి లెక్కలు మనం శ్రద్ధగా చూడాలి. లెక్క అడగటం అనుమానం కాదు, భారం పంచుకోవటం. చందా మన అమానత్. ఇచ్చి మరిచిపోతే సగం బాధ్యతే తీరింది. అది ఏ పిల్లవాడి ఫీజు అయింది, ఏ వితంతువు ఇంటికి కుట్టుమిషను అయి వెళ్ళింది అని తెలుసుకుంటే గానీ మిగతా సగం తీరదు.

అందుకని నా మనవి మూడు మాటలు. ఒకటి, ఎంత చిన్న మొత్తమైనా ప్రతి ఇంటినుండి చందా రావాలి. పది ఇళ్ళు మోసే సొసైటీ పది ఇళ్ళ సొసైటీయే అవుతుంది. రెండు, కందకం తవ్వినట్టు పని పంచుకోవాలి. ఒకరు స్కాలర్‌షిప్పు ఫారాలు నింపించాలి, ఒకరు ఆస్పత్రికి తోడు వెళ్ళాలి, ఒకరు సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పాలి. లెక్కలు కాకపోయినా ఉర్దూ, చరిత్ర చెప్పటానికి నా పేరు రాసుకోండి. మూడు, ఏటా ఇద్దరు మామూలు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది, ఖాతా పుస్తకం మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా చూసి సంతకం పెట్టాలి.

అలీఘర్ గోడమీద పేర్లున్న ఆ మనుషులు ఎవరో మనకు తెలియదు. వాళ్ళ మునిమనవలకు కూడా తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఆ గోడ నీడలో చదువుకున్న పిల్లలకు లెక్కలేదు. మన పేర్లు ఏ గోడమీదా లేకపోయినా ఫరవాలేదు. మన వంతు మూరలు మనం తవ్వామా లేదా అన్నదే రేపు అల్లాహ్ సన్నిధిలో అడిగే ప్రశ్న. ఆ జవాబు చెప్పుకోగల శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించు గాక. ఆమీన్.