పాత కార్లలో జారుడు ప్లాస్టిక్

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ వంటి పాత కార్లలో ఇనుప భాగాల రాపిడి తగ్గించడానికి పెట్టే నైలాన్, ఎసిటాల్, టెఫ్లాన్ ముక్కలు. స్టీరింగ్ పక్కన గేరుండే బళ్లలో లింకు రాడ్ల బుష్‌లకు ఎసిటాల్ మేలు. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. దాంతో గోదావరి ఒడ్డున మంథనిలో వానాకాలం గేరు బిగుసుకుపోవచ్చు. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ 260 డిగ్రీల సెల్సియస్ వేడికీ తట్టుకుంటుంది గానీ, ఎడతెగని బరువు కింద మెల్లగా అణిగి సాగుతుంది. కాబట్టి ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌కు కంచు బుష్షే దిక్కు. అక్కడ ఒట్టి టెఫ్లాన్ ప్రయోగం వద్దు. వెనక కమాన్ కట్టల ఆకుల మధ్య గట్టి పాలిథీన్ పట్టీ వేస్తే కిర్రుమోత తగ్గుతుంది. ఎగ్జాస్ట్ పక్కన మాత్రం అది మెత్తబడుతుంది. రామగుండం గనుల వైపు తిరిగే బండికి దుమ్ముతొడుగు తప్పనిసరి: బొగ్గుపొడి మెత్తని బుష్‌లో దిగబడి ఉక్కు పిన్నునే ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.