కొసకు పారనీయండి

ఏడుపాయల జాతరకు వచ్చినవాళ్లు మంజీరలో మునిగి, దుర్గమ్మకు మొక్కి వెళ్లిపోతారు. గుడికి కాస్త ఎగువనున్న ఘనపురం ఆనకట్ట వైపు చూసేవాళ్లు తక్కువ. మెదక్ చుట్టుపక్కల మా ఊళ్లకు మాత్రం తిండి పెట్టింది అదే.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1905లో దాన్ని కట్టారు. మా వైపు వచ్చే కాలువ మహబూబ్‌నహర్ 42.8 కిలోమీటర్లు, పాపన్నపేట వైపు పోయే ఫతేనహర్ 12.8. రెండింటి కిందా 21,625 ఎకరాలు. ఆనకట్టలో నిలిచేది మాత్రం 0.2 టీఎంసీలే. ఏరు పారితేనే మడి తడవాలి. ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టి ఆ నీళ్లు హైదరాబాదు దూప తీర్చడం మొదలయ్యాక, యాసంగి వచ్చిందంటే మా చూపంతా సింగూరు గేట్ల మీదే. ఘనపురం వాటా 4.06 టీఎంసీలని కాగితం మీద ఉంది. ఆ మాట గుర్తు చేయడానికి పార్టీ జెండాలు ఇంట్లో పెట్టి, ట్రాక్టర్లెక్కి మెదక్ పోయిన రోజులెన్నో!

నీళ్లు సాధించుకోవడం ఒక ఎత్తు, పంచుకోవడం మరో ఎత్తు. నీళ్లు తక్కువైన ఏడు ముందే తైబందీ చేసుకునేవాళ్లు. ఎవరు ఎన్ని మడులు నాటాలో పెద్దమనుషులు తేల్చేవాళ్లు. అంతకు మించి నాటితే ఆ మడికి నీళ్లుండవు.

మాది కాలువ కొసన ఉన్న పొలం. ఒక యాసంగిలో పైనెవరో రాత్రికి రాత్రి గండి కొట్టారు. తెల్లారేసరికి మా నారుమడి నెర్రెలిచ్చింది. మా నాయిన కర్ర పట్టుకుని బయల్దేరాడు. కాలువ నీళ్లు పంచే నీరటి తాత అడ్డం నిలబడి, గండి కొట్టినాయన చేతికే పార ఇచ్చాడు. ఆయనే గడ్డిచుట్ట కుక్కి, మట్టి తొక్కి పూడ్చాడు. “మొదట్లున్నోనికి ఎప్పుడైన అందుతయి, కొసకు పారనీయుండ్రి” అన్నాడు తాత. ఆ రాత్రి వంతు మాది. లాంతరు వెలుగులో బురద నురగ ముందు దొర్లుకుంటూ వచ్చింది, వెనక నీళ్లొచ్చాయి.

ఇప్పుడు కాలువకు సిమెంటు లైనింగు ఉంది, నీరటి లేడు. నీళ్లు వదిలిన రోజుల్లో ఇంటికొకరం వంతులేసుకుని కాపలా తిరుగుతున్నాం. ఈసారి ఏడుపాయలకు వస్తే ఆనకట్ట మీద కాసేపు నిలబడి, కాలువ ఎటు పోతోందో చూడండి. దాని కొసన మేముంటాం.