నౌరూ రాజ్యాంగమున సభాపతి స్థానము

పసిఫిక్ మహాసముద్రమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణమున, 21 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల ద్వీపము నౌరూ. ఇంతటి చిన్న దేశమున ప్రభుత్వనిర్మాణము సులభసాధ్యమని తోచుట సహజము. కాని ప్రతినిధుల అల్పసంఖ్యయే అచటి రాజ్యాంగమునకు కఠినపరీక్ష యైనదని మేము ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

1888లో జర్మనీ ఈ ద్వీపమును ఆక్రమించెను. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము నానాజాతి సమితి దీనిని బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండులకు అప్పగించెను. పరిపాలన ఆస్ట్రేలియా నెరపెను. రెండవ యుద్ధకాలమున జపానీయులు సుమారు 1,200 మంది ద్వీపవాసులను ట్రక్ దీవులకు తరలించిరి. 1946 జనవరి 31న వారిలో 737 మంది మరలి వచ్చిరి. 1968లో స్వాతంత్ర్యమునకు ఆ తేదీనే ఎన్నుకొనిరి. నశింపకుండుటయు, స్వయముగా పాలించుకొనుటయు వారికి వేర్వేరు విషయములు కావు.

నాటి రాజ్యాంగము బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిని అనుసరించినను, ఒక ముఖ్యాంశమున దానికి భిన్నము. దేశాధినేతయు ప్రభుత్వాధినేతయు ఒక్కరే. ఆయనను ప్రజలుగాక పార్లమెంటు సభ్యులు తమలోనుండి ఎన్నుకొందురు. మంత్రివర్గము పార్లమెంటునకు సమష్టిగా బాధ్యత వహించును. అవిశ్వాసతీర్మానము నెగ్గినచో అధ్యక్షుడు పదవి కోల్పోవును. మొదటి అధ్యక్షుడు హామర్ డిరోబర్ట్.

మొదట పార్లమెంటున సభ్యులు 18 మంది. సంఖ్య సరిసంఖ్య యగుటయే చిక్కు. సభాపతికి సాధారణముగా ఓటు లేదు. సభ తొమ్మిదేసి మందిగా చీలినపుడు, తమవానిని సభాపతిని చేసిన పక్షము ఎనిమిదికి తగ్గును. కావున గౌరవప్రదమైన ఆ పదవి నష్టహేతువాయెను. 2010 ఏప్రిల్ ఎన్నికలలో ఇదియే సంభవించెను. జూన్‌లో మరల ఎన్నికలు జరిపినను ప్రతిష్టంభన తొలగలేదు. అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. తుదకు నవంబరు 1న మాజీ అధ్యక్షుడు లుడ్విగ్ స్కాటీ సభాపతి యగుటకు అంగీకరింపగా, మార్కస్ స్టీఫెన్ మరల అధ్యక్షుడాయెను. 2007లో అవిశ్వాసతీర్మానముచే పదవి కోల్పోయినవాడు స్కాటీయే, ఆయన స్థానమును పొందినవాడు స్టీఫెనే యనుట విస్మరింపరాదు.

2013 ఎన్నికలనాటికి సభ్యసంఖ్య 19 చేయబడెను. సరిసమానమైన చీలికకు దీనితో తావు తగ్గెను గాని, ఒకరిద్దరు పక్షము మారినచో ప్రభుత్వము కూలుట తప్పలేదు. 2023 అక్టోబరులో రస్ కున్ అవిశ్వాసతీర్మానముచే తొలగింపబడగా, డేవిడ్ అడియాంగ్ అధ్యక్షుడాయెను.

దీనిని రాజ్యాంగకర్తల అజ్ఞానముగా భావించుట న్యాయము కాదు. పార్లమెంటు విశ్వాసము కోల్పోయిన అధ్యక్షుడు పదవిలో నిలువరాదని వారు నిర్ణయించిరి. ఆ నియమము అమలైనది. కాని పార్లమెంటరీ పద్ధతి కొంత జనసంఖ్యను, స్థిరమైన పక్షములను ముందే ఊహించుకొనును. అవి లేనిచోట అంకెల కొరతను వ్యక్తుల ఔదార్యమే పూరింపవలెను. 2010లో స్కాటీ చూపినది అట్టి ఔదార్యమేయని మా అభిప్రాయము.