ఓరుగల్లులోని కల్లు

కన్నడంలో కల్లు అంటే రాయి. తెలుగులో అదే మాట తాటి, ఈత చెట్లను గీసి తీసే మత్తుపానీయానికి పేరు. చెవికి ఒకటిగా తోచే ఈ రెంటికీ పుట్టుకలో సంబంధం లేదనడానికి తమిళమే సాక్ష్యం: అక్కడ రాయి ‘కల్’, పానీయం ‘కళ్’. కన్నడం కూడా పానీయాన్ని ‘కళ్ళు’ అంటూ ఆ తేడాను నిలుపుకొన్నది. 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటినీ వేర్వేరు పదాలుగానే చూపింది.

తెలుగులో మాత్రం పూర్వపు ళ్ళకారం అనేక మాటల్లో ల్లకారంగా మారిపోయింది. కన్నడంలోని ముళ్ళు, హళ్ళి తెలుగున ముల్లు, పల్లె అయినట్లే పానీయవాచకమైన కళ్ళు కూడా కల్లుగా మారి, రాతి పేరుతో కలిసిపోయింది. తర్వాత ‘కన్ను’కు బహువచనంగా ఏర్పడిన కళ్ళు ఖాళీ అయిన ఆ రూపాన్ని ఆక్రమించుకొన్నది, తెలుగువారు నేత్రాలను తలచి పలికే మాట కన్నడిగులకు పానీయంగా వినబడడం అందువల్లనే.

ఈ కలయిక వల్లనే తెలుగులో రాయి అర్థం అంతరించిందనడం తొందరపాటు. పాదరక్షకూ, పలకమనే ఆజ్ఞకూ ఒకే ‘చెప్పు’ను వాడుకొనే భాష మరొక జంటను భరించలేదనుకోవడం కష్టం, పూర్వం శకటరేఫతో ‘ఱాయి’ అని రాసిన మాట వ్యవహారంలో బలపడడమే ముఖ్యకారణంగా కనిపిస్తుంది. పైగా పాత అర్థం పూర్తిగా పోలేదు, సమాసాల్లో నిలిచింది. హనుమకొండ నుంచి పాలించిన కాకతీయులు తరువాత రాజధానిగా చేసుకొని, గణపతిదేవుడు (1199–1262), ఆయన కుమార్తె రుద్రమదేవి కాలాల్లో రాతికోటతో పటిష్ఠం చేసిన ఓరుగల్లు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ‘ఓరు’ అంటే ఒకటి. కల్లులోని కకారం సమాసంలో గకారమైంది. కోటలోని ఏకశిలా గుట్టను బట్టి వచ్చిందని చెప్పే ఈ పేరును సంస్కృత కవులు ఏకశిలానగరమని అనువదించుకొన్నారు కనుక, దాని అర్థం ఆనాటి పండితులకు తెలిసే ఉండాలి. 1323లో కోటను పట్టుకొన్న ఉలుగ్ ఖాన్ నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చినా అది నిలవలేదు. వరంగల్ అనే నేటి రూపంలోనూ చివర ఉన్నది ఆ రాయే.

పోరులో పడినవారి స్మృతిగా రాయలసీమలో నిలిపిన శిలలకు వీరగల్లు అనే పేరుంది. రాళ్ళలా గరుకుగా ఉండే ఉప్పు నేటికీ కల్లుప్పే.